బ్రెట్‌ఫర్టన్ ఊరి పబ్బులో ఒక మధ్యాహ్నం

(కొత్తవాడలో జరిగిన మన సంఘ సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ప్రత్యేక సంచిక కోసం విదేశీ ప్రయాణ అనుభవం ఏదైనా చెప్పమని కార్యదర్శి గారు అడిగారు. లండను బ్రిడ్జి, రాజుగారి కోట మన సభ్యులు చాలామంది చూసివచ్చారు, ఫోటోలు కూడా చూపించారు. అవి మళ్ళీ చెప్పను. నేను చెప్పబోయేది ఒక తాగుడు దుకాణం గురించి. నవ్వకండి. సర్వీసంతా ఆ లెక్కలే రాసి, రిటైరయ్యాక కూడా అదే గోలా అని మా ఇంట్లోనూ అన్నారు.

2024 మే నెలలో నేనూ మా ఆవిడా బర్మింగ్‌హామ్‌లో ఉన్న మా అబ్బాయి దగ్గరికి వెళ్ళాము. శనివారం టివిడేల్‌లో ఉన్న వేంకటేశ్వరస్వామి గుడికి తీసుకుపోయాడు. 2006లో ప్రారంభమైన గుడి అది, చక్కగా ఉంది. ఆదివారం నాడు "ఇంగ్లండు పల్లెటూరు చూపిస్త నాన్నా" అని కారెక్కించాడు. గంటకు పైగా ప్రయాణం. ఈవ్‌షామ్ అనే పట్నం దాటాక బ్రెట్‌ఫర్టన్ అనే చిన్న ఊరు. ఊరి నడుమ పాతకాలపు చర్చి, దాని దగ్గరే గడ్డి కప్పు ఇల్లు, ముందు ఒక బోర్డు: 'ఫ్లీస్ ఇన్'. చూడగానే ఎవరో పెద్దరైతు ఇల్లనుకున్నాను. నిజానికి అది రైతు ఇల్లే. 15వ శతాబ్దం తొలి రోజుల్లో కట్టినది. ఒక కొసన మనుషులు, ఒక కొసన పశువులు ఉండేవట. 1848లో ఆ కుటుంబం వారే దాన్ని పబ్బుగా మార్చారు.

ఫ్లీస్ అంటే గొర్రె ఒంటి మీది ఉన్ని. ఆ చుట్టుపక్కల ప్రాంతం ఒకప్పుడు ఉన్ని వ్యాపారం మీద బతికింది. మగ్గాల చప్పుడులో పుట్టినవాణ్ణి కాబట్టి ఆ పేరు నాకు నచ్చింది. ఆ ఇల్లు పబ్బు అయిన మూడేళ్ళకు, 1851లో, లండనులో జరిగిన మహా ప్రదర్శనలో మన వరంగల్ తివాచీలు పెట్టారు. మన షత్రంజీలకు, జంపఖానాలకు భౌగోళిక గుర్తింపు రావడానికి మాత్రం 2018 దాకా ఆగవలసి వచ్చింది. సరే, అది వేరే ముచ్చట.

గుమ్మం దగ్గర నా కాలు ఆగిపోయింది.

"లోపలికి పోదాం పా నాన్నా. తాగాలని ఏం లేదు. అన్నం తినొచ్చు, చాయ్ తాగొచ్చు" అన్నాడు అబ్బాయి. మా ఆవిడ, కోడలు, ఆరేళ్ళ మనుమరాలు అప్పటికే లోపలికి పోయారు. ఎవరూ ఏమీ అనుకున్నట్టు లేదు. అయినా నేను గడప బయటే ఒక నిమిషం నిలబడ్డాను. తాగేచోటికి కొనుగోలుదారుగా నేను అప్పటిదాకా పోలేదు. తనిఖీకి వెళ్ళే అధికారి వెనక రిజిస్టరు పట్టుకుని పోయాను, అంతే.

లోపల కప్పు తక్కువ ఎత్తు. నల్లబడిన దూలాలు. నాలాంటి పొట్టివాడు కూడా తల వంచవలసినంత గుమ్మాలు. రాతి పలకల నేల. పెద్ద పొయ్యి, దాని ముందు సుద్దతో గీసిన తెల్లటి వలయాలు. పొగగొట్టం గుండా మంత్రగత్తెలు దిగి రాకుండా పూర్వం గీసేవారట, ఆ ఆచారం ఇంకా నిలుపుకున్నారు. మా ఆవిడ చూసి "మన ముగ్గే కదా" అంది. ఒక గదిలో పాతకాలపు తగరపు పళ్ళాలు వరసగా పేర్చి ఉన్నాయి. ఆ ఇంటి ఆఖరి యజమానురాలు లోలా టాప్లిన్ అనే ఆవిడ. ఆ ఇంట్లోనే పుట్టి, ఆ ఇంట్లోనే పెరిగి, 1977లో ఆ ఇంట్లోనే పొయ్యి ముందు కన్ను మూసింది. పోతూ పోతూ ఇల్లూ సామానూ నేషనల్ ట్రస్టు అనే సంస్థకు రాసిచ్చింది. ఒక షరతు పెట్టింది. తన ఇంట్లో ఆలుగడ్డ చిప్సు అమ్మకూడదు! లైసెన్సు షరతులు కొన్ని వందలు నా చేత్తో కాపీ చేశాను గానీ ఇలాంటిది చూడలేదు. 2004లో గడ్డికప్పు అంటుకుని కాలిపోతే మళ్ళీ పాత పద్ధతిలోనే కప్పి మరుసటేడు తెరిచారు.

పబ్ అంటే పబ్లిక్ హౌస్. అందరి ఇల్లు అనుకోవచ్చు. అక్కడ సర్వరు మన దగ్గరికి రాడు. మనమే గల్లా దగ్గరికి పోయి అడిగి, డబ్బిచ్చి, మన గ్లాసు మనమే తెచ్చుకోవాలి. బీరు పీపాలు నేలమాళిగలో ఉంటాయి. పైన చేత్తో లాగే పిడి ఉంటుంది. మన బోరింగు కొట్టినట్టు లాగితే కింది నుంచి వస్తుంది. పెద్ద గ్లాసు పైంటు, 568 మిల్లీలీటర్లు. గ్లాసు మీద ప్రభుత్వం వారి కొలత ముద్ర ఉంటుంది. నా కళ్ళు ముందు దాని మీదికే పోయాయి, అలవాటు కదా. అప్పుడు, 2024లో, ధర ఐదు పౌండ్లకు అటూ ఇటూ ఉండేది, అప్పటి మన లెక్కలో 500 రూపాయల పైచిలుకు. మా బాపు వింటే ఏమనేవాడో!

అబ్బాయి గల్లా దగ్గరికి పోయి మాకు నారింజ రసం, పిల్లకు పాలు, తనకు అర పైంటు బీరు తెచ్చుకున్నాడు. తిరుగు ప్రయాణంలో కోడలు బండి నడుపుతుందట. నా ఎదుటనే కూర్చుని గుటక వేశాడు. నాకు దాచాలని అనుకోలేదు, చూపాలనీ అనుకోలేదు. నాకు మాత్రం గుండె ఝల్లుమంది. వాడి పెదవి మీద నురుగు చూస్తూ కూర్చున్నాను. నాకు మా అన్న కనబడ్డాడు.

ఇక్కడ కొంచెం వెనక్కి పోవాలి.

మా అమ్మమ్మ ఊరు వర్ధన్నపేట దగ్గర. చిన్నప్పుడు సెలవులకు పోతే మా బాపు సాయంత్రం మండువకు తీసుకుపోయేవాడు. ఇప్పటి పిల్లలకు మండువ అంటే తెలియదు. తాటిచెట్ల కింద ఊడ్చి చల్లిన జాగా. గౌడు మోకు, ముస్తాదు వేసుకుని చెట్టెక్కి లొట్టి దింపితే, తాటాకు రేకు దోసిట్లో పట్టుకుని తాగేవారు. ఆడవాళ్ళు కూడా పొలం నుంచి వస్తూ కూర్చునేవారు. పంచాయితీలు, పెళ్ళి సంబంధాలు, అప్పులు, వానల ముచ్చట అన్నీ అక్కడే. మా బాపు రెండు రేకలు తాగి మూడోది అడిగితే గౌడు లొట్టి పక్కకు జరిపి, "చాలు బావా, పిల్లగాడు నిన్ను తోలుకపోవాల్నా, నువ్వు పిల్లగాన్ని తోలుకపోవాల్నా?" అనేవాడు. అందరూ నవ్వేవారు. మా బాపు కూడా నవ్వి లేచేవాడు. గౌడుకు మా బాపు తెలుసు, మా అమ్మ తెలుసు, ఇంట్లో ఎన్ని మగ్గాలు ఆడుతున్నాయో తెలుసు.

కల్లు అమృతమని నేననడం లేదు. కల్తీ సంగతి మనకు తెలుసు. 2025 జూలైలో కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లుకు ప్రాణాలు పోయాయి. గౌడు చేతి లొట్టి వేరు, ఎక్కడో కలిపి డ్రమ్ముల్లో తెచ్చేది వేరు.

మా అన్న కాలం వచ్చేసరికి సారా దుకాణాలు. ఏడాదికోసారి వేలం పాట. ఎవడు ఎక్కువ పాడితే ఆ ప్రాంతమంతా వాడిది. పాడినవాడు దుకాణంలో కూర్చోడు, జీతగాణ్ణి పెడతాడు. 1980ల్లో వారుణి వాహిని అని ప్రభుత్వం ప్యాకెట్లు తెచ్చింది. ప్యాకెట్టుకు కూర్చునే జాగా అక్కర లేదు, తోడు అక్కర లేదు. నిలబడి కొరికి పారేయడమే. మా వాడ మలుపులో దుకాణం. అన్న మగ్గం గుంటలోంచి లేచి పోయేవాడు, పది నిమిషాల్లో వచ్చేవాడు. మళ్ళీ పోయేవాడు. జీతగాడికి వాళ్ళు పెట్టిన లెక్క ఎన్ని ప్యాకెట్లు అమ్మావనే. చాలన్నా అనే నోరు అక్కడ లేదు.

మిత్రులారా, ఈ మాట ఇంతవరకు సభలో చెప్పలేదు. ఆ దుకాణం పాట కాగితం నా చేతి మీదుగా పోయింది. ఫైలు నేను పెట్టాను, అంకెలు నేను వేశాను. పోయినేటి కంటే పాట పెరిగితే పైవారు మెచ్చుకునేవారు, నేనూ సంతోషించేవాణ్ణి. 1991లో అన్న పోయాడు. నలభై రెండేళ్ళు. తరవాత నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్ళు లేచారు, 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతా సారా ఆగింది. రెండేళ్ళు ఆలస్యం, మా ఇంటికి. కాగితం పెట్టిన గుమాస్తా తప్పేముందని మీరంటారు. నేనూ నాకు చాలాసార్లు చెప్పుకున్నాను.

మళ్ళీ బ్రెట్‌ఫర్టన్‌కు వస్తాను. మా పక్క బల్ల దగ్గర ఒక ముసలాయన, కాళ్ళ దగ్గర కుక్క. కుక్కకు కూడా ఒక గిన్నెలో నీళ్ళు పెట్టారు. ఆయన నాతో మాట కలిపాడు. ఏ ఊరు అన్నాడు, ఎండలెట్లా అన్నాడు. ఆ ఊరి చుట్టూ ఆస్పరాగస్ పండుతుందట, మన పిల్లిపీచర జాతిది. మే నెలాఖరులో ఈ పబ్బు ముంగిట్లోనే దాన్ని వేలం వేస్తారని, ఆ డబ్బు ఊరి బ్యాండు మేళానికి పోతుందని చెప్పాడు. వేలం అనే మాట విని నేను ఉలిక్కిపడ్డ సంగతి ఆయనకు తెలియదు. కొంతసేపటికి ఆయన లేచి ఖాళీ గ్లాసు గల్లా దగ్గర పెట్టాడు. గల్లా మీది ఆమె గ్లాసు తీసుకుంది గానీ నింపలేదు. నెమ్మదిగా ఏదో అంది. ఆయన గడియారం చూసుకుని, నవ్వి, కుక్క తాడు పట్టుకుని వెళ్ళిపోయాడు. ఏమందిరా అని అబ్బాయిని అడిగాను. "ఇంట్ల ముసలమ్మ అన్నం పెట్టుకుని కూసున్నది, పో అన్నది నాన్నా" అన్నాడు. మత్తెక్కినవాడికి తెలిసి అమ్మడం అక్కడ చట్టరీత్యా నేరమట. ఆయనకు మత్తేమీ ఎక్కలేదు. ఆమె చట్టం చూసి అన్న మాటా కాదు అది.

ఇంగ్లీషువాళ్ళంతా ఇట్లా ఉంటారని అనుకోకండి. శనివారం రాత్రి బర్మింగ్‌హామ్ నడి ఊర్లో తూలేవాళ్ళను కూడా చూశాను. పల్లె పబ్బులూ మూతపడుతున్నాయి. 2000 సంవత్సరంలో బ్రిటనులో 60 వేల పబ్బులుంటే ఇప్పుడు 45 వేలకు దగ్గరగా మిగిలాయి. దుకాణంలో చవకగా డబ్బా కొనుక్కుని ఇంట్లో ఒంటరిగా తాగడం పెరిగిందట. వాళ్ళకూ ప్యాకెట్టు వచ్చినట్టే.

ఆ బల్ల దగ్గరే మా అబ్బాయికి పెదనాన్న సంగతి చెప్పాను. గుండెపోటు అని ఇన్నాళ్ళు చెప్పి ఉంచాము. ఫైలు సంగతి కూడా చెప్పాను. వాడు గ్లాసు పక్కకు జరపలేదు. జరిపితే నేను నొచ్చుకునేవాణ్ణేమో. అందులో మిగిలింది మెల్లగా తాగి, "ముందే చెప్పవలసింది నాన్నా" అన్నాడు. తరవాత అందరం వెనక తోటలోకి పోయి పిల్లను ఆడించాము.

తిరిగి వచ్చాక వదిన దగ్గరికి వెళ్ళాను. ఆమెకిప్పుడు డెబ్భై దాటాయి. మనుమల ముచ్చట్లయ్యాక, దాచడం ఎందుకని పబ్బుకు పోయిన సంగతి చెప్పాను. కోప్పడుతుందనుకున్నాను. "ఆడోళ్ళు గుడ వస్తరా ఆడికి?" అని అడిగింది.

"వస్తరు వదినా. పిల్లలు, ముసలోళ్ళు, అందరు కూసుంటరు."

కొంచెంసేపు ఏమీ అనలేదు. చాయ్ గ్లాసులు తీస్తూ అంది. "మీ అన్న పొయ్యే కాడ గుడ కూసునే జాగుంటే, నేను గుడ పోయి పక్కన కూసుందును."