అండమాను తీరమున పడవ విహారము

(ఖిదిర్‌పూర్‌లో జరిగిన సంఘ వార్షికోత్సవమున చేసిన ప్రసంగము)



ఖిదిర్‌పూర్‌లో కాపురమున్న మనకు అండమాను దూరదేశము కాదు. మన డాకులనుండి అచ్చటికి ఓడలు పోవుటను పిల్లలు సైతము ఎఱుగుదురు. ఒకప్పుడు ఆ ద్వీపములకు పోవుట యనగా 'కాలాపానీ' శిక్ష. 1922-24 నాటి మన్యపు తిరుగుబాటులో పట్టుబడిన మనవారు కొందఱు ఆ శిక్షనే అనుభవించిరి. నేడు అచ్చట తెలుగు పరాయిభాష కాదు. 2011 జనగణన ప్రకారము నూటికి ఇంచుమించు 13 మందికి అది మాతృభాష.

గడచిన శీతకాలమున మిత్రులము ఏడుగురము ఓడలో అచ్చటికి పోయితిమి. 2024 నుండి శ్రీ విజయపురమని పిలువబడుచున్న పోర్టుబ్లెయిరులో, అబర్డీన్ జెట్టీకడ ఒక స్పీడుబోటు మాటలాడుకొంటిమి. పడవవాడు శ్రీకాకుళము తీరమునుండి వచ్చి స్థిరపడిన కుటుంబమువాడు. మన మాట వినగానే అతని ముఖము వికసించెను. కాని తలలు లెక్కించి, "ఆరుగురికే పర్మిట్టు బాబూ, ఒకరు ఆగాల" అనెను.

నాకు కోపము వచ్చెను. "మనవారమే కదా! ఒక్కరికై ఇంత పట్టుదలయా?" యని దబాయించితిని. అదనముగ సొమ్మిత్తునంటిని. అతడు ఒకరి లైఫ్‌జాకెట్టు ముడి బిగించుచు, తలయెత్తకయే, "మనోళ్లు గనకే ఎక్కించను బాబూ" అనెను.

చివరకు నేనే జెట్టీపై నిలిచితిని. అతడు మిత్రులను ద్వీపమున దింపి, నాకొఱకు మరల వచ్చెను. పడవ ముక్కు పైకిలేచి, అలలపై దబదబ కొట్టుకొనుచు పరుగిడెను. ఎండలో నీరు తళతళలాడుచుండెను. ఉప్పుతుంపరలు ముఖమున పడుచుండెను. దూరమున నార్త్‌బే దీపస్తంభము కానవచ్చెను. పాత ఇరువది రూపాయల నోటుపై మనమందఱము చూచిన దీపస్తంభమే అది!

అప్పుడతడు వేగము తగ్గించి చెప్పెను: 2014 జనవరి 26న ఈ జలములలోనే, పరిమితికి మించి జనులను ఎక్కించుకొన్న విహారనౌక మునిగి ఇరువదిమందికి పైగా మరణించిరి. నేను జెట్టీకడ కోరినది యెంత పెద్ద కోరికయో అప్పుడు తెలిసికొంటిని.

మేము చేరినది ఒకప్పటి రాస్ ద్వీపము. 2018 నుండి నేతాజీ సుభాస్ చంద్రబోస్ ద్వీపము. ఆంగ్లేయుల పరిపాలనాకేంద్రమై వెలిగిన ఆ చోటు 1941 భూకంపముతో దెబ్బతినెను. మఱుసటి యేట జపానువారు వచ్చిరి. నేడు చర్చి గోడలను చెట్లవేళ్లు పెనవేసికొన్నవి. కొబ్బరిచెట్ల నీడలలో జింకలు మేయుచున్నవి. అంత చక్కని చోటను నా మనస్సు పడవవాని మాటయందే యుండెను.

సోదరులారా! పొరుగుగడ్డపై మనవాడు కానవచ్చిన సంతోషింతుము. వెంటనే ఒక చిన్న మినహాయింపు కోరుదుము. కార్యాలయములలో బల్ల కావల కూర్చుండు మనకడకును అట్టి కోరికలు వచ్చుచుండును. కాదనుట కష్టమే. కాదన్న పిదప ఆ మనిషికొఱకు మరల పడవ తెచ్చుట అంతకన్న కష్టము. అతడు రెండును చేసెను. రెండవ తడవకు పైసా అదనముగ పుచ్చుకొనలేదు.

అతని పిల్లలు ఇంట తెలుగు మాటలాడుదురుగాని చదువలేరట. వాచకములు పంపుదునని మాటయిచ్చి వచ్చితిని. మీ యిండ్లలో పిల్లలు చదివి విడిచినవి యున్నచో తెచ్చియిండు. రాబోవు ఓడలో పంపుదము.