పుస్తకానికి ఆసరా

(నందికొండలో జరిగిన సంఘం యువజన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

మా హాస్టల్ ఆఫీసు గదిలో చెక్క అరల మీద పుస్తకాలు నిలబెట్టి, వరసకు రెండు కొసల్లో కాగితం చుట్టిన ఇటుకలు పెట్టాను. మొన్న ఎనిమిదో తరగతి పిల్ల అడిగింది: "మేడం, ఇల్లు కట్టే ఇటుకలు పుస్తకాల దగ్గర ఎందుకు?" ఆ పిల్లకు అప్పుడు రెండు మాటల్లో చెప్పి పంపాను. మిగతాది ఇప్పుడు చెప్తాను.

పుస్తకం పక్కకు ఒరిగి ఉంటే దాని వీపు వంకర పోతుంది. కాగితాల బరువంతా కుట్టు మీద పడి, లాగి లాగి ఒకరోజు మధ్యలోకి ఊడి వస్తుంది. మన స్కూలు పుస్తకాలు సంక్రాంతికే విడిపోవడానికి సగం కారణం ఇదే. మిగతా సగం మీ చేతులు, అది మీకూ తెలుసు. అందుకే కొసల్లో ఆసరా కావాలి. పెద్ద లైబ్రరీల్లో దీనికోసం 'ఎల్' అక్షరంలా వంచిన రేకు పెడతారు, బుక్ ఎండ్ అంటారు. అమెరికాలో 1870ల్లో దానికి పేటెంటు తీసుకున్నారు. రేకు అడుగుభాగం పుస్తకాల కిందికి పోతుంది. పుస్తకాల బరువే దాన్ని కదలనివ్వదు, అది పుస్తకాలను పడనివ్వదు. మేకు లేదు, జిగురు లేదు.

ఇంత చిన్న వస్తువు అంత ఆలస్యంగా ఎందుకు వచ్చిందంటే, పుస్తకాలు నిలబడటమే ఆలస్యమైంది. యూరప్‌లో పూర్వం చెక్క అట్టల మీద లోహపు గుబ్బలు దిగ్గొట్టిన బరువైన పుస్తకాలను బల్లల మీద పడుకోబెట్టేవాళ్లు. దొంగల భయంతో గొలుసులు కూడా వేశారు. ఇంగ్లండులో హెర్‌ఫర్డ్ పెద్ద చర్చిలో గొలుసులతో ఉన్న పుస్తకాల గది ఇప్పటికీ ఉంది.

మన దగ్గరైతే పుస్తకం అంటే తాటాకు కట్ట. ఆకులను ఉడికించి, ఆరబెట్టి, నున్నగా చేసి, ఒకే కొలతకు కోసేవాళ్లు. ఇనుప గంటంతో గీస్తే అక్షరం కనబడదు. మసి, ఆకుపసరు కలిపి రుద్దితే గీతల్లోకి నలుపు దిగి అప్పుడు కనబడుతుంది. ఆకులకు రంధ్రం చేసి తాడు ఎక్కించి, పైనొక చెక్క పలక, కిందొక చెక్క పలక పెట్టి బిగించేవాళ్లు. నా లెక్కలో మన బుక్ ఎండ్లు ఆ పలకలే. ఆకు వంగకుండా, అంచు విరగకుండా రెండువైపులా పట్టి ఉంచేది అవే. 'గ్రంథం' అన్న మాటకు మూలార్థం కట్టడం, ముడివేయడం. లోపల ఏముందన్నదాని కంటే ముందు, విడిపోకుండా కట్టి ఉన్నదే గ్రంథం.

కట్టను బట్టలో చుట్టి అటక మీద, చాలా ఇళ్లలో వంటింటి పైన పెట్టేవాళ్లు. పొయ్యి పొగకు పురుగు రాదు. మన తండాల్లో విత్తనం కంకులను పొయ్యి పైన వేలాడదీసేది ఇందుకే కదా! విత్తనానికీ పుస్తకానికీ ఒకటే కాపలా. ఎంత కాచినా ఆకు ఎప్పటికైనా పెళుసవుతుంది. అందుకని పాతది పూర్తిగా చెడకముందే కొత్త ఆకుల మీద తిరగరాసేవాళ్లు. తిరుమలలో తాళ్లపాక వాళ్లు ఆ బాధ లేకుండా పాటలను రాగి రేకుల మీద చెక్కించారు. రెండు వేలకు పైగా రేకులు గుడిలోని రాతి అరలో ఉండిపోయాయి. 20వ శతాబ్దంలో వాటిని బయటికి తీశాకే అన్నమయ్య పాటలు ఇన్ని మన చెవిన పడుతున్నాయి.

ఇక మన నీళ్ల మధ్యే ఉన్న కొండ సంగతి. మీరంతా లాంచీలో నాగార్జునకొండ మ్యూజియం చూసి వచ్చినవాళ్లే. అక్కడ 1700 ఏళ్ల కిందటి ఇక్ష్వాకుల శాసనాలున్నాయి. మహాచైత్యానికి స్తంభాలు ఇచ్చిన చాంతిసిరి అనే ఆడమనిషి పేరు ఈ రోజుకీ చదవగలుగుతున్నాం. ఆ విహారాల్లో ఉన్నవాళ్లు ఆకుల మీద రాసుకున్నది మాత్రం మనదాకా రాలేదు. రాయి మిగిలింది, ఆకు పోయింది. డ్యాం కడుతున్నప్పుడు ఆ రాయి కూడా మునిగేదే. 1954 నుంచి 1960 దాకా తవ్వి, కట్టడాలను విడదీసి, కొండమీద, అనుపులో మళ్లీ నిలబెట్టారు కాబట్టి ఉంది. ఏ కాలంలోనైనా ఎవరో ఒకరు పూనుకుని కదిలిస్తేనే మిగులుతుంది.

"మనకు లిపి లేదు, మనకెందుకు ఈ గొడవ" అని మన పిల్లలే నాతో అంటారు. ఆదిలాబాద్ జిల్లా గుంజాల అనే గోండు ఊళ్లో చేతిరాత పుస్తకాలు దొరికాయి, వాళ్ల సొంత లిపిలో. అప్పటికి ఊళ్లో కొద్దిమంది ముసలివాళ్లకే చదవడం వచ్చేది. జయధీర్ తిరుమలరావు గారి వంటి పరిశోధకులు పట్టుకుని వెలుగులోకి తెచ్చారు. 2018లో ఆ అక్షరాలు యూనికోడ్‌లో చేరాయి. ఆ ఇళ్లలో వాళ్లు వాటిని పాత కాగితాలని పొయ్యిలో వేసి ఉంటే ఏముండేది?

తెలంగాణలో కవులే లేరని ఒకాయన రాస్తే, మన పాలమూరు వాడైన సురవరం ప్రతాపరెడ్డి గారు మాటతో కొట్లాడలేదు. 354 మంది కవుల పద్యాలు సేకరించి 1934లో గోలకొండ కవుల సంచిక వేశారు. లంబాడీలకు ఏముంది అన్నవాళ్లకు చూపించడానికి మన చేతిలో ఏముందో చెప్పండి.

నా చేతిలో ఉండాల్సింది ఒకటి పోయింది. టీచర్ ట్రైనింగ్ చదివే రోజుల్లో మా యాడీ పాడే ఢావ్లో పాటలను తెలుగు అక్షరాల్లో ఒక నోటుబుక్కులో రాసుకున్నాను. పెళ్లికూతురు పుట్టింటిని తలుచుకుని ఏడ్చే పాటలు. ఆ నోటుబుక్కును ట్రంకు పెట్టెలో పెట్టి, పెట్టెను మట్టి నేల మీద మంచం కింద తోశాను. పెట్టెకు అడుగున తుప్పు పట్టి చిల్లు పడిందని చూడలేదు. యాడీ పోయిన ఏడాది తెరిస్తే చెదలు తిన్న మట్టి, పై అట్ట, దానిమీద నా పేరు. అంతే. పాటల్లో రెండు మూడు నోటికి వస్తాయి. మిగతావి అడుగుదామంటే ఆమె లేదు. పెట్టె కింద రెండు ఇటుకలు పెట్టి ఉంటే చాలు. ఇప్పుడు మా హాస్టల్లో ఇటుకలు ఎక్కువ కనబడుతున్నాయంటే అందుకే.

మీరు ఫోన్లలో రికార్డు చేస్తున్నారు, మంచిదే. ఫోన్ నీళ్లలో పడిందంటే అదీ నా ట్రంకు పెట్టే. పాట పాడించి రికార్డు చేయండి, ఆ వారంలోనే నోటుబుక్కులో ఎక్కించండి. పాడినవాళ్ల పేరు, తండా పేరు, తేదీ మొదటి పేజీలో రాయండి. ఒక ప్రతి ఇంట్లో, ఒక ప్రతి వేరే ఊళ్లో ఉంచండి. పెట్టెను నేలకు, గోడకు ఆనించొద్దు. లోపల ఎండు వేపాకు వేయండి, ఏటా ఎండాకాలం ఒకసారి తీసి నీడకు ఆరబెట్టండి. పట్టా కాగితాలు, కుల సర్టిఫికెట్లు కూడా అందులోనే పెట్టుకోండి. వాటి కోసం ఆఫీసుల చుట్టూ తిరిగే తల్లిదండ్రులను నేను రోజూ చూస్తున్నాను.

రెండో ప్రతి ఎక్కడ పెట్టాలో తెలియనివాళ్లు మా హాస్టల్‌కు తెండి. మూడో అర ఖాళీ చేశాను. ప్రస్తుతం అక్కడ నాలుగే నోటుబుక్కులున్నాయి కాబట్టి ఇటుకను దగ్గరికి జరిపి పెట్టాను. మీవి వస్తున్న కొద్దీ వెనక్కి జరుపుతాను.