పడవ ఇంజనుకు చమురు అందనప్పుడు

నేను దెందులూరు వాస్తవ్యుడను. ముప్పది యేండ్లు పిల్లలకు వ్యాకరణము చెప్పి విశ్రాంతి గొన్నవాడను. వ్యాకరణము చెప్పువాడు ఇంజనును గూర్చి ప్రసంగించుట యేమని మీరు నవ్వవచ్చును. కొల్లేటి లంకలలో ఉద్యోగము చేసి, రాకపోకలకు పడవనే నమ్ముకొన్నవానికి ఆ విద్య కొంత అబ్బక తప్పదు.

మన ప్రాంతమున పడవలకు బిగించు పాత ఇంజనులలో పెక్కు, పొలమున నీరుతోడి అలసినవే. 1897లో రుడాల్ఫు డీజిలు అను జర్మను ఇంజనీరు నడిపి చూపిన యంత్రపు సంతతివి. వీనిలో నిప్పురవ్వతో పని లేదు. గాలిని గట్టిగా అదిమినచో అది కాగును. ఆ కాగిన గాలిలోనికి చమురు తుంపరగా పడినంతనే మండును. కావున తుంపర సకాలమున పడకున్న ఇంజను నిలిచిపోవును.

ఒక వర్షాకాలమున బుడమేరు, తమ్మిలేరు పొంగి సరస్సు నిండియుండెను. జ్వరముతో ఒడలెరుగని పసివానిని ఏలూరు ఆసుపత్రికి చేర్చుటకై సాయంకాలము లంకనుండి బయలుదేరితిమి. అరగంట నడచి ఇంజను ఆగెను. కొంతసేపు ఊరకున్న పిమ్మట కదలెను, మరల ఆగెను. సరంగు కుర్రవాడు తొందరపడి నాజిలు ఊడదీసెను. దాని రాగివాషరు జారి పడవ యడుగున నిలిచిన నీటిలో పడెను. చీకటి పడుచున్నది. పడవ కిక్కిస దుబ్బులవైపు కొట్టుకొనిపోవుచున్నది. తల్లి ఏడ్వలేదు, బిడ్డ నుదుటిపై తడిగుడ్డ మార్చుచు మా చేతులవైపే చూచుచుండెను.

మాతోనున్న వృద్ధుడైన జాలరి ఒకడు, "ఒరే అబ్బాయీ, ట్యాంకు మూత తియ్యరా. దానికి ఊపిరాడటం లేదు" అనెను. మూత త్రిప్పగానే సుయ్యని గాలి లోనికి పోయెను. మూతకున్న సన్నని రంధ్రము జిడ్డుతో, మట్టితో పూడిపోయియుండెను. కిరసనాయిలు డబ్బాకు ఒక్కటే చిల్లి పొడిచిన చమురు సరిగా కారదు గదా! ఇదియు నట్టిదే. ఆగి ఆగి నడచుటయే దానికి గుర్తు. వాషరును చేతులతో తడవి తీసి, నాజిలు బిగించుటకు మరియొక అరగంట పట్టెను. ఆ అరగంట మేము చేజేతుల తెచ్చుకొన్నది. పిల్లవాడు దక్కెను.

కాలువ చివరి చేనికి నీరందనప్పుడు మనము మొదట తూము చూతుము గాని చేను త్రవ్వము. ఇంజనునకును అంతే. ట్యాంకు, కుళాయి, ఫిల్టరు, పంపు, నాజిలు: చమురు పోవు త్రోవనే వెదకవలెను. నీరు చమురుకంటె బరువు గనుక అడుగున చేరును. సగము ఖాళీగానున్న ట్యాంకులో రాత్రి చెమ్మ పట్టి నీరగును. నీరున్నచోట పాచివంటి జిగురు పుట్టి ఫిల్టరును మూయును. సాయంకాలము ట్యాంకు నింపి, ఉదయమున అడుగుచమురు కొంచెము గాజుసీసాలోనికి వదలి చూచిన ఈ పీడ తేటపడును.

చీలిన గొట్టమునుండి గాలి చొరబడుట మరియొక తెగులు. చమురు నలగదు, గాలి నలగును; పంపు త్రోపంతయు గాలిని నలుపుటకే వ్యయమగును. మొదట ఫిల్టరు మరను, పిదప పంపు మరను వదులుచేసి, బుడగలు లేక చమురు వచ్చువరకు విడిచి బిగించవలెను. పిమ్మట నాజిలు కడ నట్టును వదులుచేసి హ్యాండిలు త్రిప్పవలెను. ఊడదీసిన నాజిలు ఎదుట మాత్రము వ్రేలు పెట్టవలదు. ఆ తుంపర చదరపు సెంటీమీటరునకు ఇంచుమించు 200 కిలోల ఒత్తిడితో వచ్చును. చర్మమును దూరి లోపలికి పోవును. పైకి సూదిపోటువలె కనబడినను వెంటనే ఆసుపత్రికి పోవలసిన గాయమది.

తర్కమున పొగను చూచి నిప్పును ఊహింతుము. ఇచ్చట తిరకాసున్నది. హ్యాండిలు త్రిప్పునప్పుడు తెల్లని పొగ వచ్చినచో చమురు అందుచున్నది గాని మండుటలేదని యర్థము. పొగయే లేకున్న చమురే అందుటలేదు. ఈ భేదము తెలిసిన సగము వెదకులాట తగ్గును.

ఆ సరంగు తరువాత చాలకాలము నన్ను దాటించెను. రాగివాషరులు నాలుగు దారమునకు గ్రుచ్చి మొలత్రాటికి గట్టుకొని తిరిగెడివాడు. గెడను మాత్రము పడవనుండి ఎన్నడును దింపలేదు.