లేసరు కోతకు ముందు కొయ్యకు పూత
(బెంగుళూరులో మన సంఘ సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగం)



ఉగాది పూట వేపపూవు, కొత్త బెల్లం సంగతులు ముచ్చటించుకోక ఈ వార్నీషు గొడవ ఏమిటని మీరు అనుకోవచ్చును. కారణమున్నది. మనవి చేస్తాము.

మన పిల్లలకు తెలుగు నేర్పడానికి మేము కొయ్య అక్షరాలు చేయిస్తున్నాము. మన గుడులూ ఒత్తులూ రంపానికి తేలికగా లొంగవు. లేసరు యంత్రం చక్కగా కోస్తుంది. అయితే కోతలో లేచిన మసి పచ్చి కొయ్యకు పట్టుకొని వదలదు. అందుకని పోయిన సంవత్సరం పలకలకు ముందుగానే పూత పూయించినాము. డబ్బామీద ‘క్లియర్’ అని ఉంటే చాలుననుకొన్నాము. లోపల ఏమున్నదో అడగలేదు. కోత మొదలైన కాసేపటికి ఘాటైన పొగ లేచినది. చూడవచ్చిన పిల్లల కళ్ళు మండినవి. వెంటనే యంత్రం ఆపి, అందరినీ బయటికి పంపినాము. దేవుని దయవల్ల అంతటితో పోయినది. తప్పు మాదే.

కొయ్యకోతకు ఎక్కువగా వాడే కార్బన్ డయాక్సైడ్ లేసరును 1964లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో కనిపెట్టినవారు మన బారామతిలో పుట్టిన కుమార్ పటేల్. ఆ కిరణం రంపంలాగా కోయదు. కాల్చి ఆవిరి చేస్తుంది. కనుక కొయ్యమీద ఏది పూస్తామో అదే పొగై మన ముక్కులోకి వస్తుంది. ఈ ఒక్క మాట జ్ఞాపకముంటే తక్కినదంతా తేలిక.

పి.వి.సి. బరువులో సగానికి మించి క్లోరిన్ ఉంటుంది. అటువంటి వినైల్ కలిసిన పూతలు కాలితే హైడ్రోజన్ క్లోరైడ్ పుట్టి, ఊపిరితిత్తులనూ యంత్రాన్నీ కూడా తినివేస్తుంది. వాటిని దగ్గరికి రానీయరాదు. వడ్రంగులు వాడే ఎన్.సి. లాకరు నైట్రోసెల్యులోజు. అది ఇట్టే అంటుకొంటుంది. మెలమైన్ పాలిషు కాలితే ఫార్మాల్డిహైడ్, రెండు డబ్బాలు కలిపి పూసే పాలీయురెథేన్ కాలితే ఐసోసయనేట్ల వంటి విషవాయువులు రావచ్చును. తలుపులకూ బల్లలకూ అవి మంచివే కావచ్చును గాని, ఈ పనికి వద్దు.

మరి ఏది పూయాలి? మేము చివరికి లక్క దగ్గరికి వచ్చినాము. మోదుగ, రేగు వంటి చెట్లమీద లక్కపురుగు పెట్టే పదార్థమది. మనకు కొత్తది కాదు. ఇక్కడి చెన్నపట్టణం బొమ్మలకూ, మన ఏటికొప్పాక బొమ్మలకూ మెరుగు దానిదే. వాటి కొయ్య కూడా ఒక్కటే. కన్నడిగులు ఆలెమర అంటారు, మనవారు అంకుడు అంటారు.

మైనం తీసిన లక్కరేకులను స్పిరిట్‌లో కరిగించి, పలుచగా రెండు పూతలు పూయండి. దీపానికీ పొయ్యికీ దూరంగా, గాలి ఆడే చోట ఆరనీయండి. చేతికి ఆరినట్టు తోచినా తొందర వద్దు. మేము ఒక పగలూ ఒక రాత్రీ వదలిపెడుతున్నాము. స్పిరిట్ మిగిలి ఉంటే నిప్పు అంటుకొనగలదు. లక్క వేడికి మెత్తబడుతుంది గనుక పైన కాగితపు టేపు అంటించండి, ప్లాస్టిక్ టేపు కాదు. ముందుగా ఒక చిన్న ముక్క కోసి చూడండి.

లక్క పొగ కూడా పొగే. పొగను బయటికి లాగే పంకా తిరుగుతూ ఉండాలి. నిప్పునార్పే సాధనం చేతికందాలి. యంత్రం నడుస్తుండగా మనిషి కదలరాదు. మసి అంటినా పరవాలేదనుకొంటే, కోసిన తరువాత పూత పూయడం అన్నిటికన్నా క్షేమం.

అంగడిలో ధరకు ముందు, డబ్బాలో ఏమి కలిపినారో అడగండి. దాని రక్షణ వివరాల పత్రం ఇమ్మనండి. చెప్పలేకపోతే ఆ డబ్బాను అక్కడే ఉంచి రండి. అక్షరం నేర్చుకోవడానికి వచ్చిన బిడ్డ కంట నీరు పెట్టుకొని వెళ్ళరాదు. ఈ ఏడు మేము చేయించిన అక్షరాలు అదిగో, బల్లమీద ఉన్నవి. పిల్లలను చేతిలోకి తీసుకొని చూడమనండి.

సెలవు.