యంత్రం నడక - మనిషి నడక

(బందరులో జరిగిన విశ్రాంత ఉద్యోగుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను డాక్టరును కాను. ముప్పై నాలుగేళ్లు ఫైళ్లు చూసిన గుమాస్తాను. అయినా తుంటి కీలు గురించి నన్ను మాట్లాడమనడానికి కారణముంది. 2016లో నా ఎడమ తుంటికి కృత్రిమ కీలు వేశారు. మన సభ్యుల్లో ఈ ఆపరేషన్ చేయించుకున్నవారు, చేయించుకోబోయేవారు ఇంకా ఉన్నారు. అందరూ అడిగేది ఒకటే: "ఇది ఎన్నాళ్లొస్తుందండీ?"

తయారుచేసేవారు ముందు యంత్రం మీద పరీక్ష చేస్తారు. బంతిని గిన్నెలో అమర్చి, దూడ రక్తం నుంచి తీసిన సీరంలో ఉంచి, మనిషి బరువు పడినట్టు ఒత్తుతూ సెకనుకొకసారి కదిలిస్తారు. 10 లక్షల సార్లయితే ఒక ఏడాది నడకని లెక్క. అంతర్జాతీయ ప్రమాణం 50 లక్షల సార్లు. అంటే రెండు నెలల్లో అయిదేళ్ల నడక! మధ్యమధ్య గిన్నెను తూచి అరుగుదల చూస్తారు.

పరీక్ష కావలసిందే. కాని ఆ యంత్రం ఒకే తీరున నడుస్తుంది. అది పొలం గట్టు మీద కాలు జారదు. ఎత్తు మెట్టున్న బస్సు ఎక్కదు. పూజలో బాసింపట్టు వేసుకు కూర్చోదు. మన బందరులో వ్యవసాయ పరిశోధనా స్థానం ఉంది. అక్కడి మడిలో పండిన పంట దివిసీమ చౌడులో అంతే పండుతుందా? పండించి చూడాల్సిందే. కీలు సంగతీ అంతే.

ఇది తొలినాళ్లలోనే తేలింది. ఇంగ్లండులో జాన్ చార్న్‌లీ అనే సర్జన్ 1958 ప్రాంతంలో గిన్నెకు టెఫ్లాన్ వాడారు. జారుడు గుణంలో దానికి సాటి లేదు. దాదాపు 300 మందికి వేశారు. మూడు నాలుగేళ్లలోనే అరిగిపోయి, ఆ పొడి చుట్టూ ఉన్న కండను పాడుచేసింది. ఎందరికో మళ్లీ ఆపరేషన్లు చేయాల్సి వచ్చింది. 1962లో ఆయన వేరే గట్టి ప్లాస్టిక్, పాలిఇథిలీన్‌కు మారారు. ఈసారి ప్రయోగశాలతో ఊరుకోలేదు. ఆ పదార్థాల ముక్కలను తన తొడలోనే పెట్టించుకుని చూశారు. మరణానంతరం కీలు తిరిగి ఇవ్వవలసిందని రోగులను కోరితే చాలామంది ఒప్పుకున్నారు. ఒంట్లో ఎంత అరిగిందో అలా తెలిసింది. ఆ రోగులకు మనమంతా రుణపడి ఉన్నాం.

ఇంత జరిగాక కూడా దెబ్బ తగిలింది. బంతీ గిన్నే రెండూ లోహంతో చేసిన కీళ్లు యంత్రం మీద అతి తక్కువ అరుగుదల చూపించాయి. ఒంట్లో గిన్నె కొంచెం నిటారుగా కూర్చున్నవారిలో బంతి అంచుకు ఒరుసుకుని లోహపు పొడి రాలింది. డెప్యూ కంపెనీ వారి ఏఎస్ఆర్ కీలును 2010 ఆగస్టులో ప్రపంచమంతటా ఉపసంహరించారు. అప్పటికి సుమారు 93,000 మందికి వేశారు. మన దేశంలో ఆ ఆపరేషన్లు దాదాపు 4,700. వారిలో 3,600 మందికి పైగా ఆచూకీ దొరకలేదని కేంద్ర ప్రభుత్వ నిపుణుల కమిటీ నివేదిక చెప్పింది. అది 2018లో బయటికి వచ్చింది. అదే ఏడాది నష్టపరిహారం నిర్ణయమైనా, చిరునామా దొరకనివారికి ఎలా అందుతుంది?

మిత్రులారా, గుమాస్తాగా నా గుండె కలుక్కుమన్నది ఇక్కడే. స్వీడన్‌లో 1979 నుంచి తుంటి ఆపరేషన్లకు రిజిస్టరు నడుస్తోంది. ఏ కీలు ఎవరికి వేశారు, ఎన్నాళ్లకు మార్చారు అన్నీ అందులో ఉంటాయి. మన సర్వీసు రిజిస్టరు లాంటిదే. యంత్రం చెప్పలేనిది ఆ రిజిస్టరు చెబుతుంది.

నాకిచ్చిన డిశ్చార్జి కాగితంలో "తుంటి మార్పిడి జరిగినది" అని ఒక్క ముక్కే ఉంది. కీలు పేరు లేదు, నంబరు లేదు. నాలుగుసార్లు తిరిగి, అర్జీ పెట్టి, పెట్టె మీది స్టిక్కరు నకలు తెచ్చుకున్నాను. దాన్ని పింఛను పుస్తకంతో పాటే దాచాను.

కాబట్టి నా మనవి మూడు మాటలు. ఒకటి, కీలు పేరు, సైజు, లాటు నంబరు ఉన్న స్టిక్కరు అడిగి తీసుకోండి. ఇంట్లోవాళ్లకు చూపించి దాచండి. రెండు, నొప్పి లేదు కదా అని ఊరుకోకండి. అరిగిన పొడికి ఒళ్లు ఎదురుతిరిగినప్పుడు చుట్టూ ఎముక చప్పుడు లేకుండా కరుగుతుంది. ఎక్స్‌రేలోనే కనబడుతుంది. డాక్టరుగారు చెప్పిన గడువుకు తప్పక వెళ్లి, పాత ఫిల్ములు వెంట తీసుకెళ్లండి. మూడు, తేడా వస్తే నోటిమాటతో వదలకండి. వైద్య పరికరాల వల్ల కలిగే ఇబ్బందులు నమోదు చేయడానికి 2015లో కేంద్రం ఒక కార్యక్రమం పెట్టింది. డాక్టరుగారి ద్వారా అందులో రాయించండి.

ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ ఊరందరి కాగితాలు భద్రపరిచాం. ఇప్పుడు మన ఒంట్లో ఉన్నదాని కాగితం భద్రపరుచుకుందాం.