చెరువులును మన సంఘమును
(వార్షిక మహాసభయందు చేసిన యుపన్యాసము)



విద్యాభివృద్ధిని గూర్చి మాటలాడుడని కార్యనిర్వాహక వర్గమువారు మమ్ము గోరిరి. విద్యార్థి వసతిగృహమునకు స్థలము సేకరించుటయే యిప్పుడు మన సంఘమునకు ముఖ్యకార్యము గనుక మే మా స్థలమునుండియే యారంభించెదము. కొనదలచిన భూమి హైదరాబాదు నగరోపాంతమున నొక చెరువుకట్టకు లోపలివైపున నున్నదనియు, వెల మిక్కిలి చౌక యనియు వింటిమి. అది యేల చౌకయో విచారింపవలదా?

మన పెద్దలు సప్తసంతానములయందు తటాకమును పుత్రునితోపాటు లెక్కించిరి. సంతాన శబ్దమునకు బిడ్డ యను నర్థ మొక్కటియే కాదు. ఎడతెగక సాగునది యని ధాత్వర్థము. చిరకాలము వ్యాకరణము చెప్పి బ్రదికినవారము గావున నీ మాట చెప్పక యుండలేకపోతిమి, క్షమింపుడు. తెలంగాణ మందలి చెరువులును అట్టివే. ఎగువ చెరువు నిండి అలుగు పారగా నా నీరు కాలువవెంట దిగువ చెరువున బడును. గొలుసున నొక కడియము తెగిన తక్కినవియు చెడును.

1908వ సంవత్సరము సెప్టెంబరు నెలలో మూసీనది పొంగి హైదరాబాదున వేలకొలది జనులను పొట్టన బెట్టుకొనెను. అప్పుడు కొందఱు చింతచెట్టెక్కి ప్రాణములు దక్కించుకొనిరి. ఆ చెట్టు నేటి ఉస్మానియా ఆసుపత్రి యావరణమున నున్నది. పిదప మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి యాలోచన ననుసరించి 1920లో ఉస్మాన్ సాగరమును, 1927లో హిమాయత్ సాగరమును నిర్మితములయ్యెను. ఈ రెంటి పరీవాహక భూములను గాపాడుటకై ప్రభుత్వము 1996లో 111వ ఉత్తరువు వెలువరించి, 84 గ్రామములలో కట్టడములకు హద్దు లేర్పఱచెను. 2022లో ఆ కట్టుబాట్లు సడలింపబడినవి. ఇది మాకు సమ్మతము కాదు. సభలో భిన్నాభిప్రాయము గలవా రుండవచ్చును.

2020వ సంవత్సరము అక్టోబరు నెలలో కురిసిన వర్షములకు పల్లెచెరువు, గుర్రంచెరువుల కట్టలు తెగి దిగువనున్న కాలనీలు మునిగెను. కాలువలు పూడ్చి, గర్భములయం దిండ్లు కట్టినచోట నీటికి దారి యేది?

ఈ విషయమున ప్రభుత్వమునకంటె ముందు మేల్కొన్నవారు సామాన్య పౌరులు. చెరువుల హద్దులు నిర్ణయింపుడని 'సేవ్ అవర్ అర్బన్ లేక్స్' అను సమాజమువారు అధికారులకును న్యాయస్థానములకును మొఱపెట్టుచు వచ్చిరి. నెక్నాంపూరు చెరువున 'ధ్రువాంశ్' సంస్థవారు 2018లో నీటిపై తేలియాడు తోట నొకదానిని నెలకొల్పిరి. వట్టివేరు, జమ్ము మొదలగు మొక్కలు తెప్పలపై నుండును. వేళ్లు నీటిలో వ్రేలాడుచు, వానిని బట్టియుండు సూక్ష్మజీవుల సాయమున మురుగునందలి మాలిన్యమును పీల్చుకొనును. విద్యుత్తు వలదు, యంత్రము వలదు. బన్సీలాల్‌పేటయందు చెత్తతో గప్పబడిన ప్రాచీనమైన మెట్లబావిని పౌరులును నగరపాలక సంస్థయు గలసి శుభ్రపఱుపగా, 2022 డిసెంబరులో అది మరల ప్రజల కందెను. ఇట్టివారికి ధనము కొంత కావలయును గాని, ఆదివారము నాడు రెండు గంటలు పలుగు పట్టెడి యువకులు మఱింత కావలయును. మన వసతిగృహమున నట్టివారు లేకపోలేదు.

ఇక మన చేతిలోని పనులు. మన కల్యాణమండపమున నొక్క పెండ్లికి మిగులు నన్నమును, విస్తళ్లను, ప్లాస్టిక్ సీసాలను నొక్కచోట గుమ్మరించుచున్నారు. తడిచెత్త, పొడిచెత్త, హానికరమైన చెత్త వేఱు చేయవలెనని 2016లోనే నియమము లేర్పడెను. మండపము అద్దెకిచ్చు పత్రమునం దీ షరతు వ్రాయించిన చాలును. మేడమీది వాననీరు వీధికాలువలో బడకుండ, పెద్దకంకర, చిన్నకంకర, ఇసుక వరుసగా నింపిన యింకుడుగుంతలోనికి మరలింపవలెను. వినాయకచవితికి సంఘమువారు నిలుపు విగ్రహము మట్టిదై యుండవలెను. ప్లాస్టర్ ఆఫ్ పారిస్ నీట గరగదు. పార్థివ గణపతి యని సంకల్పము చెప్పి సున్నపు గణపతిని బూజించుట మాకు విడ్డూరముగ దోచుచున్నది.

ఇప్పుడు స్థలము మాట. "పట్టా యున్నది గదా" యని కొందఱందురు. శిఖము భూమికి పట్టా యున్నను అది నీరు తీసినపుడు పైరు పెట్టుకొనుటకే గాని మేడలకు గాదు. చెరువు పూర్తిగా నిండు మట్టము లోపల కట్టడము కూడదు. ఆ హద్దునకు వెలుపలను, పది హెక్టారులు మొదలు పెద్ద చెరువులకు 30 మీటరులు, అంతకు చిన్నవానికి 9 మీటరులు విడువవలెనని 2012 నాటి భవన నియమములు చెప్పుచున్నవి. 2024లో హైడ్రా యను సంస్థ యేర్పడిన పిమ్మట నట్టి కట్టడములు కూల్చబడుట పత్రికలలో మీరును జదివితిరి. ఊరూర చందాలు పోగుచేసిన ధన మట్లు పోవుట యొక యెత్తు. మన పిల్లలు నిద్రించు గదిలోనికి నడిరేయి నీరు వచ్చుట వేఱొక యెత్తు.

సగము వెల తామిచ్చెద మన్న పోషకుల యౌదార్యమునకు మేము కృతజ్ఞులము. వారి ద్రవ్యము మెట్టభూమికి వినియోగపడుగాక. గదులు నాలుగు తగ్గినను తగ్గుగాక. బేరము నిలుపుదల చేసి, నగరాభివృద్ధి సంస్థవారు ప్రకటించిన చెరువుల పటములతో సర్వే సంఖ్యను సరిచూచుటకు ముగ్గురు సభ్యులతో నుపసంఘము నేర్పఱుపవలెనను తీర్మానమును రేపటి సర్వసభ్య సమావేశమున ప్రవేశపెట్ట మాకనుజ్ఞ నొసగ బ్రార్థించుచున్నాము.