కెపాసిటర్ ముట్టే ముందు

ఎండాకాలం ఏసీ చల్లబరచకపోతే మనం ముందు గ్యాస్‌నే అనుమానిస్తాం. బయటి యూనిట్ మూలుగుతూ కంప్రెసర్ తిరగకపోతే చాలాసార్లు పోయింది కెపాసిటరే. పోయినేడు మా రూములో ఒక తమ్ముడు బ్రేకర్ దించాం కదా అని చెయ్యి పెట్టాడు. షాక్ కొట్టి మిద్దె మీద వెనక్కి పడ్డాడు, పిట్టగోడ ఉండబట్టి బతికాడు. కరెంటు తీసినా దానిలో చార్జి ఉంటుంది మరి!

ఇప్పుడు మేం 20 వేల ఓముల, 5 వాట్ల రెసిస్టర్‌ను ప్లాస్టిక్ పిడి ప్లయర్‌తో పట్టుకుని, సీ–హెర్మ్ మధ్య, సీ–ఫ్యాన్ మధ్య కొన్ని సెకన్లు ఆనిస్తాం. మీటరులో వోల్టేజీ సున్నా చూశాకే, ఫోటో తీసుకుని, వైర్లు విప్పుతాం. 35 మైక్రోఫారడ్లు, 5 శాతం తేడా అని రాసుంటే, 33 కంటే తగ్గితే మార్చాల్సిందే. పైమూత ఉబ్బితే మీటరే అక్కర్లేదు. కొత్తది అదే మైక్రోఫారడ్‌ది తేవాలి, వోల్టేజీ మాత్రం పాతదానికి తగ్గకూడదు. పాత సామాన్ల కొట్టులో చవకని తేకండి, ఆ తమ్ముడు విప్పబోయింది అలాంటిదే.